యాంప్లిఫైయర్‌కు స్పీకర్లు కుదర్చడం ఎలా? ముందు ఓంలు, తర్వాతే వాట్లు

చిత్తూరు జిల్లా పల్లెల్లో భారతం మొదలైతే చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు పండుగే. ద్రౌపదీ ధర్మరాజుల గుడి దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. వేదిక ముందు కూర్చున్నవారికి మైకు లేకపోయినా కథ వినపడుతుంది. వినికిడి తగ్గిన పెద్దలు, మంచం దిగలేనివారు, పశువుల పని వదిలి రాలేనివారు మాత్రం చెట్టుకు కట్టిన హారన్‌నే నమ్ముకుంటారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున యాంప్లిఫైయర్ కాలిపోతే వారికి ఆ రోజు కథ లేనట్టే.

తిరుపతి గంగమ్మ జాతరలో వీధి మొగలో పెట్టే మైకు సెట్టయినా, వినాయక చవితి పందిరి అయినా, ఇంట్లో పాటలు వినే జత స్పీకర్లయినా లెక్క ఒకటే. కొనేటప్పుడూ అద్దెకు తెచ్చేటప్పుడూ అందరూ ముందుగా అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. ముందు అడగాల్సింది "ఎన్ని ఓంలు?" అని. వాట్లు కాస్త తక్కువైతే శబ్దం కాస్త తగ్గుతుంది. ఓంలు కుదరకపోతే యాంప్లిఫైయరే పోతుంది. అందుకే ఈ వ్యాసంలో స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి యాంప్లిఫైయర్ దాకా వస్తాం. దగ్గర ఒక మల్టీమీటర్, కాగితం, పెన్సిల్ ఉంటే చాలు.

మొదటి పని: స్పీకర్ వెనక ఏముందో చదవండి

స్పీకర్ అయస్కాంతం మీదో, పెట్టె వెనక రేకు మీదో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి వాట్లు, రెండోది ఓంలు. ఇళ్లలో వాడే స్పీకర్లు ఎక్కువగా 4, 6, 8 ఓంలవి. హారన్ వెనక బిగించే యూనిట్లు చాలావరకు 16 ఓంలవి, కొన్ని 8 ఓంలవి. ఇది విద్యుత్ ప్రవాహానికి ఆ స్పీకర్ చూపే అడ్డు. దాన్నే ఇంపెడెన్స్ అంటారు. ఓంలు ఎంత తక్కువైతే ఆ స్పీకర్ యాంప్లిఫైయర్ నుంచి అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. అంకె చిన్నదైతే బరువు తక్కువనుకుంటారు చాలామంది. ఇక్కడ సరిగ్గా తలకిందులు: 4 ఓంల స్పీకర్ 8 ఓంల దానికంటే బరువైన పని.

రేకు ఊడిపోయి, అంకె చెరిగిపోయి ఉంటే మల్టీమీటర్‌ను 200 ఓంల స్థానంలో పెట్టి స్పీకర్ రెండు కొసలకు తాకించండి. యాంప్లిఫైయర్ తీగలు విప్పిన తర్వాతే చూడాలి. 8 ఓంల స్పీకర్‌కు మీటరు 8 చూపదు, 6 దగ్గర చూపుతుంది. 4 ఓంల దానికి 3 నుంచి మూడున్నర, 16 ఓంల యూనిట్‌కు 12 దగ్గర. మీటరు కొలిచేది కాయిల్ తీగ నిరోధం మాత్రమే. శబ్దం పలికేటప్పుడు ఉండే అసలు ఇంపెడెన్స్ అంతకంటే ఎక్కువ. కాబట్టి మీటరు అంకెను సుమారుగా 1.3తో గుణించి, దగ్గరున్న ప్రామాణిక అంకెను తీసుకోండి.

ఆ ఇంపెడెన్స్ కూడా ఒకచోట నిలిచి ఉండదు. స్వరం మారేకొద్దీ అదీ మారుతుంది. స్పీకర్ సొంత కంపనం దగ్గర 8 ఓంల స్పీకర్ 30 ఓంలు కూడా దాటవచ్చు, మరోచోట 8 కంటే కిందికీ దిగవచ్చు. కనిష్ఠ విలువ రేకు మీద రాసే అంకెలో 80 శాతం కంటే కిందికి పడిపోకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60268-5 చెబుతుంది. అంటే 8 ఓంలని రాసిన స్పీకర్ 6.4 దాకా దిగవచ్చు. లెక్కలో కొంత వెసులుబాటు ఉంచుకోమని చెప్పేది ఇందుకే.

రెండో పని: అన్నీ కలిపితే ఎన్ని ఓంలో లెక్కగట్టండి

యాంప్లిఫైయర్‌కు విడివిడి స్పీకర్లు తెలియవు. తన టెర్మినల్ దగ్గర అన్నీ కలిసి ఎన్ని ఓంలైతే, అదే దానికి మోయాల్సిన బరువు.

స్పీకర్లన్నిటి ప్లస్ కొసలు ఒకచోట, మైనస్ కొసలు ఒకచోట కలిపితే ప్యారలల్. ఓంలు తగ్గుతాయి. ఒకే విలువ ఉన్నవైతే ఒకదాని ఓంలను సంఖ్యతో భాగించండి: 8 ఓంలవి రెండు కలిస్తే 4, 16 ఓంలవి నాలుగు కలిస్తే 4. ఒకదాని మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలుపుతూ గొలుసుగా వెళితే సిరీస్. అప్పుడు ఓంలు కూడుతాయి: 8, 8 కలిసి 16. నాలుగు 8 ఓంల స్పీకర్లు ఉంటే రెండేసి సిరీస్ చేసి, ఆ రెండు జతలను ప్యారలల్ చేస్తే మళ్లీ 8 వస్తుంది. ఇది చాలా ఉపయోగపడే అమరిక. స్పీకర్లు నాలుగైనా యాంప్లిఫైయర్ మీద ఒక్క స్పీకర్ బరువే.

సిరీస్‌లో ఒక ఇబ్బంది ఉంది. గొలుసులో ఒక కాయిల్ తెగితే మిగతావీ మూగబోతాయి. హరికథకు ఇది పనికిరాదు. అందుకే ఆరుబయట మైకు సెట్లలో ప్యారలలే వాడతారు.

వేర్వేరు ఓంల స్పీకర్లను కలపాల్సి వస్తే రెండు విలువలను గుణించి, వాటి మొత్తంతో భాగించండి. 8, 4 ప్యారలల్ చేస్తే 32ను 12తో భాగించి 2.67. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి: ఇలాంటి కలయిక వద్దు. యాంప్లిఫైయర్ 20 వోల్టులు ఇస్తోందనుకోండి. 8 ఓంల స్పీకర్‌కు 50 వాట్లు అందుతాయి, 4 ఓంల దానికి 100 వాట్లు. మీరు ఏ స్పీకర్‌ను కాపాడాలనుకుంటున్నారో దానికే రెట్టింపు దెబ్బ తగలవచ్చు. అద్దెకు తెచ్చిన నాలుగు హారన్లలో ఒకటి వేరే రకమైతే, దాన్ని పక్కన పెట్టి మూడింటితో నడపడమే మేలు.

మూడో పని: యాంప్లిఫైయర్ ఎంత దాకా మోయగలదో చూడండి

మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫైయర్ వాల్యూమ్‌ను బట్టి ఇంత అని వోల్టేజీ ఇస్తుంది. ఆ వోల్టేజీకి ఎంత కరెంటు లాగాలో నిర్ణయించేది స్పీకర్. వోల్టేజీని అదే వోల్టేజీతో గుణించి ఓంలతో భాగిస్తే వాట్లు వస్తాయి. పైన చూసిన 20 వోల్టులనే తీసుకుందాం. 8 ఓంల మీద 50 వాట్లు, కరెంటు రెండున్నర ఆంపియర్లు. 4 ఓంల మీద 100 వాట్లు, 5 ఆంపియర్లు. 2 ఓంల మీద లెక్క ప్రకారం 200 వాట్లు, 10 ఆంపియర్లు. ఓంలు తగ్గించినకొద్దీ వాట్లు పెరుగుతున్నాయి కదా అని మురిసిపోకూడదు. ఆ కరెంటంతా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. లోపలి వేడి పెరుగుతుంది. రక్షణ సర్క్యూట్ ఉన్న యంత్రమైతే తనంతట తానే ఆగిపోతుంది. లేని యంత్రమైతే ట్రాన్సిస్టర్లు పోతాయి, ఒక్కోసారి తమతో పాటు స్పీకర్ కాయిల్‌నూ తీసుకుపోతాయి.

కాబట్టి యాంప్లిఫైయర్ వెనక "4 ఓంలు కనిష్ఠం" అని ఉంటే మీ లెక్క 4 గాని, అంతకు పైన గాని ఉండాలి. ఎక్కువ ఓంలు తగిలిస్తే ప్రమాదం లేదు, వాట్లు తగ్గుతాయంతే. తక్కువ తగిలిస్తేనే ముప్పు. పాత వాల్వు యాంప్లిఫైయర్ల సంగతి వేరు. వాటికి స్పీకర్ లేకుండా సిగ్నల్ ఇచ్చి నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది.

ఇళ్లలో వాడే యాంప్లిఫైయర్లకు కొన్నిటికి వెనక ఏ, బీ అని రెండు జతల టెర్మినల్స్ ఉంటాయి. ఒక జత మీదైతే 4 ఓంలు చాలు, రెండూ నొక్కితే 8 ఓంల స్పీకర్లే వాడాలి అని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు మీటలూ నొక్కితే లోపల ప్యారలల్ అయిపోతాయన్నమాట. ఆ చిన్న అక్షరాలు తప్పక చదవండి. అలాగే రెండు ఛానళ్లను ఒకటిగా చేసే బ్రిడ్జ్ పద్ధతిలో ఒక్కో ఛానల్‌కు స్పీకర్ ఓంలలో సగమే కనిపిస్తుంది. విడివిడిగా 4 మోయగల యంత్రానికి బ్రిడ్జ్‌లో 8 కంటే తక్కువ తగిలించకూడదు.

మన ఊళ్లలో మైకు సెట్లకు వాడే మిక్సర్ యాంప్లిఫైయర్ల వెనక కామన్, 4, 8, 16 ఓంలు, 70 వోల్టులు, 100 వోల్టులు అని టెర్మినల్స్ వరుసగా ఉంటాయి. లోపల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి ఈ సౌకర్యం. మీ లెక్క 4 ఓంలు వస్తే ఒక తీగ కామన్‌కు, రెండోది 4కు. లెక్క 16 వస్తే కామన్‌కు, 16కు. ఒకసారికి ఒక టెర్మినలే వాడాలి. 4 దగ్గర రెండు హారన్లు, 16 దగ్గర మరో రెండు తగిలించి, అన్ని రంధ్రాలూ నింపడం కనిపిస్తూ ఉంటుంది. అలా చేస్తే మొత్తం బరువు యంత్రం మోయగలిగిన దాన్ని దాటిపోతుంది.

నాలుగో పని: వాట్లలో నిజమెంతో తేల్చుకోండి

పెట్టె మీద రాసిన పెద్ద అంకెను నమ్మకండి. పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెను లెక్కలోకే తీసుకోవద్దు. అది క్షణకాలపు ఊహాశక్తి, దాన్ని కొలవడానికి ఒక ప్రామాణిక పద్ధతి కూడా లేదు. ఆర్ఎంఎస్ అని గాని, నిరంతర సామర్థ్యమని గాని రాసిన అంకె చూడండి. దాని పక్కన "ఎన్ని ఓంల మీద" అని కూడా ఉండాలి. ఓంలు చెప్పని వాట్లు సగం మాటే.

రెండు పరీక్షలు ఇంట్లోనే చేయవచ్చు. ఒకటి, యాంప్లిఫైయర్ వెనక రాసిన గరిష్ఠ విద్యుత్ వినియోగం. గోడ నుంచి 150 వాట్లు తీసుకునే యంత్రం 1000 వాట్లు ఎడతెగకుండా ఇవ్వలేదు. పాత రకం యాంప్లిఫైయర్లు తీసుకున్న దానిలో సగం, అంతకు కాస్త పైన స్పీకర్‌కు ఇస్తాయి, మిగతాది వేడి. క్లాస్ డీ అనే కొత్త రకం యంత్రాలు 90 శాతం దాకా ఇవ్వగలవు. అయినా తీసుకున్న దానికంటే ఎక్కువ ఏదీ ఇవ్వదు.

రెండోది ఆటో మీద, ట్రాక్టర్ మీద కట్టే బ్యాటరీ యాంప్లిఫైయర్లకు. లోపల వోల్టేజీని పెంచే సర్క్యూట్ లేకుండా 12 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడిచే యంత్రం 4 ఓంల స్పీకర్‌కు స్వచ్ఛంగా ఇవ్వగలిగింది ఒక్కో ఛానల్‌కు దాదాపు 18 వాట్లు. ఇది సర్క్యూట్ నాణ్యతను బట్టి మారే విషయం కాదు, ఓం సూత్రం గీసిన గీత. అలాంటి పెట్టె మీద 800 వాట్లని ఉంటే మీరు డబ్బు కడుతున్నది స్టిక్కర్‌కే.

ఐదో పని: ఇప్పుడు వాట్లు కుదర్చండి

ఓంలు కుదిరాక వాట్ల సంగతి తేలిక. ఇంట్లో పాటలకైతే, ఆ ఓంల మీద యాంప్లిఫైయర్ ఇచ్చే నిరంతర వాట్లు స్పీకర్ నిరంతర సామర్థ్యానికి సమానంగా, లేదా ఒకటిన్నర రెట్లు ఉండవచ్చు. స్పీకర్ కంటే యాంప్లిఫైయర్ పెద్దదైతే స్పీకర్ కాలదా అని అడుగుతారు. వాల్యూమ్ చెవికి తగ్గట్టు తిప్పేవారి చేతిలో కాలదు. పెద్ద యంత్రం శక్తి పాటలో దరువు పడిన ఆ క్షణంలోనే ఖర్చవుతుంది, మిగతా సమయమంతా తీరికగా ఉంటుంది.

నిజానికి చిన్న యాంప్లిఫైయర్‌ను గరిష్ఠానికి తిప్పితేనే స్పీకర్లు ఎక్కువగా పోతాయి. యంత్రం ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక శబ్దపు అల శిఖరం తెగిపోయి చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అల పూర్తిగా చతురస్రంలా మారితే, అదే ఎత్తున్న శుద్ధమైన అలకు రెట్టింపు శక్తి అందులో ఉంటుంది. అంటే 50 వాట్ల యంత్రం 100 వాట్లు కుమ్మరిస్తుంది, అందులో కొంత కొత్తగా పుట్టిన పై స్వరాల రూపంలో. ఆ పై స్వరాలన్నీ వెళ్లేది పెట్టెలోని చిన్న స్పీకర్ ట్వీటర్‌కు. మంద్ర స్వరాలు పలికే పెద్ద స్పీకర్ ఊఫర్ బాగానే ఉండి ట్వీటర్ మాత్రమే కాలిన పెట్టెలు కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. క్లిప్పింగ్‌ను చూపే ఎర్ర లైటు యాంప్లిఫైయర్ మీద ఉంటే, అది ఎప్పుడో ఒకసారి మిణుకుమంటే పరవాలేదు, వెలిగే ఉంటే వాల్యూమ్ వెంటనే తగ్గించండి.

హారన్ యూనిట్ల విషయంలో నా సలహా దీనికి వ్యతిరేకం. యూనిట్లన్నిటి సామర్థ్యం మొత్తం యాంప్లిఫైయర్ వాట్లకంటే ఎక్కువ ఉండాలి. 100 వాట్ల యంత్రానికి 40 వాట్ల యూనిట్లు నాలుగు హాయిగా సరిపోతాయి. కారణం, యూనిట్ లోపలి పలుచని డయాఫ్రమ్. ఊఫర్‌లా అది ముందుకూ వెనక్కూ ఎక్కువ దూరం కదలలేదు. హారన్ కొలతకు లొంగని మంద్ర స్వరం వస్తే దాన్ని అదుపు చేసే గాలి బరువు ఉండదు, డయాఫ్రమ్ చిరుగుతుంది. అందుకే హారన్లకు బాస్ మీటను ఎడమ వైపు చివరిదాకా తిప్పి ఉంచండి. మాట స్పష్టతకు దాని వల్ల నష్టం లేదు, లాభమే. మృదంగం గుమ్కీ వినపడాలంటే ఊఫర్ ఉన్న పెట్టె వేరే యాంప్లిఫైయర్‌తో పెట్టాలి. హారన్ నుంచి దాన్ని రాబట్టాలని చూడకూడదు.

ఎన్ని వాట్లు చాలు? స్పీకర్ వివరాల్లో డెసిబెల్ అంకె ఉంటుంది: ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం అని. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే, చెవికి అది కొద్దిపాటి తేడా. రెండింతలు పెరిగినట్టు అనిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్ తగ్గుతుంది. 105 డెసిబెల్ హారన్‌కు 10 వాట్లు ఇస్తే ఒక మీటరు దగ్గర 115, 32 మీటర్ల దగ్గర 85. మనిషి మాటకు 85 పుష్కలం. 50 వాట్ల యంత్రం తీసేసి 100 వాట్లది తెచ్చినా వెనక వరుసలవారికి పెద్ద తేడా తెలియకపోవడం ఇందుకే. హారన్‌ను వారి దగ్గరికి జరిపితే మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది. ఇంట్లో గదికైతే 87 డెసిబెల్ స్పీకర్‌కు ఒక్క వాటే మీటరు దూరంలో చెప్పుకోదగ్గ శబ్దం. సాధారణ గదికి 50 వాట్ల జత ఎక్కువే గాని తక్కువ కాదు.

ఆరో పని: తీగను కూడా లెక్కలో వేయండి

1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 13 ఓంల నిరోధం. వంద మీటర్ల దూరంలోని హారన్‌కు పోవడానికి వంద, రావడానికి వంద, మొత్తం 200 మీటర్ల తీగ. అంటే సుమారు 2.6 ఓంలు. ఆ చివర నాలుగు హారన్లు కలిసి 4 ఓంలుగా ఉంటే, యాంప్లిఫైయర్ ఇచ్చిన శక్తిలో 40 శాతం తీగలోనే పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగైతే నష్టం ఇంకా ఎక్కువ. చౌకగా దొరికే తీగలు చాలావరకు అవే. కొస గీరి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే.

దూరం ఇరవై ముప్పై మీటర్లు దాటితే 100 వోల్టుల లైనుకు మారండి. యాంప్లిఫైయర్ 100 వోల్టుల టెర్మినల్ నుంచి లైను తీసి, ప్రతి హారన్ దగ్గర ఆ వోల్టేజీని హారన్‌కు తగినంతకు దించే లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. వోల్టేజీ ఎక్కువ కాబట్టి కరెంటు తక్కువ, కరెంటు తక్కువ కాబట్టి తీగలో నష్టం తక్కువ. పైన 40 శాతం పోయిన అదే తీగ మీద ఇప్పుడు పోయేది రెండు మూడు శాతమే.

లెక్క కూడా సులువవుతుంది. ఓంలతో పని లేదు, వాట్లు కూడితే చాలు. ట్రాన్స్‌ఫార్మర్ మీద 5, 10, 20 వాట్లని ట్యాపులు, అంటే తీగ తగిలించే కొసలు, ఉంటాయి. వాడిన ట్యాపుల మొత్తం యాంప్లిఫైయర్ వాట్లలో 80 శాతం దాటకుండా చూసుకోవాలి. ట్యాపు మీద వాట్లకు బదులు ఓంలు రాసి ఉంటే 10,000ను ఆ ఓంలతో భాగించండి: 500 ఓంలంటే 20 వాట్లు, 1000 అంటే 10. అవే ట్యాపులను 70 వోల్టుల టెర్మినల్‌కు కలిపితే ప్రతి హారన్‌కూ సగం శక్తే అందుతుంది.

ఈ లైనుకు ట్రాన్స్‌ఫార్మర్ లేని హారన్‌ను పొరపాటున కూడా తగిలించకండి. 16 ఓంల మీద 100 వోల్టులంటే 625 వాట్లు. 40 వాట్ల యూనిట్ బతకదు, యాంప్లిఫైయర్ కూడా నిలవదు. ఇంకో మాట: నిండు శబ్దంలో ఈ లైను మనిషికి షాక్ కొడుతుంది. కరెంటు తీగకు ఇచ్చే మర్యాదే దీనికీ ఇవ్వాలి. జాయింట్లన్నిటికీ టేపు చుట్టి, పిల్లల చేతికి అందని ఎత్తులో కట్టండి.

ఒక ఊరి భారతానికి లెక్క వేసి చూద్దాం

యాంప్లిఫైయర్ 100 వాట్లు. యూనిట్లు 16 ఓంలు, 40 వాట్లవి నాలుగు. నాలుగూ పందిరి స్తంభాలకే కట్టారు, తీగ పదిహేను మీటర్లకు మించదు. ప్యారలల్ చేస్తే 4 ఓంలు. 4 ఓంల టెర్మినల్‌కు కలిపితే ఒక్కో హారన్‌కు గరిష్ఠంగా 25 వాట్లు. యూనిట్ సామర్థ్యంలోపే ఉంది, తీగ నష్టం పట్టించుకోనక్కర్లేదు. ఇలాగే నడిపేయవచ్చు.

కమిటీ పెద్దలు వచ్చి, చెరువు కట్ట వైపు ఒకటి, ఇంకో వీధికి ఒకటి కావాలన్నారనుకోండి. ఆరు కలిస్తే 2.67 ఓంలు. ఆ యంత్రానికి అంత తక్కువ టెర్మినల్ లేదు. "ఇంకో రెండేగా" అని తగిలిస్తే మే నెల ఎండలో, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, కథ మధ్యలో యంత్రం నిలిచిపోవచ్చు. చేయాల్సింది ఇది: ఆరింటికీ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి 100 వోల్టుల లైనుకు మారాలి. జనం ఎక్కువగా కూర్చునే వైపు రెండింటికి 20 వాట్ల ట్యాపు, మిగతా నాలుగింటికి 10 వాట్లది. మొత్తం 80 వాట్లు. 20 వాట్ల వెసులుబాటు మిగిలింది. 10 వాట్ల హారన్లకు తక్కువ ఇచ్చామని బాధ అక్కర్లేదు, తేడా 3 డెసిబెల్ అని ఇందాకే చూశాం.

హారన్లు పెట్టే దిక్కు విషయంలో కూడా ఒక జాగ్రత్త. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఒక వినేవారికి రెండు హారన్ల దూరంలో తేడా 17 మీటర్లు దాటితే రెండో హారన్ మాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరి, మాట మీద మాట పడుతుంది. హరికథలో వచనం వేగంగా సాగే చోట ఒక్క ముక్క అర్థం కాదు. హారన్లను ఎదురెదురుగా పెట్టకుండా, వేదిక నుంచి బయటికి చూసేలా కట్టండి. మూతి కాస్త కిందికి వంచితే వాన నీరు కూడా నిలవదు.

స్విచ్ వేసే ముందు

నేరుగా ఓంల మీద నడిపే అమరికైతే, యాంప్లిఫైయర్‌కు కలపకముందే లైను కొసలను మీటరుతో చూడండి. ఇది రెండు నిమిషాల పని, ఎంతో నష్టాన్ని తప్పిస్తుంది. హారన్లను ఒక్కొక్కటే కలుపుతూ చూస్తే మొదటిదానికి 12 దగ్గర, రెండోది కలపగానే 6, మూడోదానికి 4, నాలుగోదానికి 3 దగ్గర చూపాలి. ఒక హారన్ కలిపినా అంకె తగ్గకపోతే దాని తీగో కాయిలో తెగి ఉంది. అంకె ఒక్కసారిగా సున్నా దగ్గరికి పడితే ఎక్కడో రెండు పోగులు తగులుకున్నాయి. స్తంభం ఎక్కక ముందే తప్పు ఏ హారన్‌లో ఉందో తెలిసిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్లున్న లైనుకు మాత్రం ఈ కొలత నమ్మకండి. మీటరు చూపేది ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిరోధమే, అది అసలు ఇంపెడెన్స్ కంటే చాలా తక్కువ. అక్కడ షార్ట్ ఉందా, తెగిందా అన్నంతవరకే మీటరు పనికొస్తుంది.

తీగ కొసలను గట్టిగా మెలిపెట్టి, ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్ వైపు పొడుచుకు రాకుండా బిగించండి. యాంప్లిఫైయర్‌ను గాలి ఆడే చోట, నీడలో పెట్టండి, దుమ్ము పడుతుందని మీద గుడ్డ కప్పకండి. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. వాల్యూమ్ సున్నాకు దించి స్విచ్ వేయాలి. మిక్సర్ విడిగా ఉంటే మొదట మిక్సర్, చివర యాంప్లిఫైయర్. ఆపేటప్పుడు మొదట యాంప్లిఫైయర్. తర్వాత మైకులో మాట్లాడుతూ నెమ్మదిగా పెంచండి. అరగంట నడిచాక యంత్రం వెనక అల్యూమినియం రెక్కల మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉండటం సహజం. చేయి నిలవనంత వేడెక్కితే మళ్లీ ఓంల లెక్క దగ్గరికి వెళ్లండి.

ఆరుబయట లౌడ్‌స్పీకర్‌కు లిఖితపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. భారతం నాటకం తెల్లవార్లూ సాగే ఊళ్లలో దీన్ని ముందే మాట్లాడుకోవాలి. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే ఆ వైపు హారన్ తిప్పకండి.

అన్నీ కుదిరాక ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ మీద తెల్ల టేపు అతికించి, ఏ ట్యాపు వాడారో, ఏ వైపు హారన్‌దో రాయండి. యాంప్లిఫైయర్ పక్కన కాగితం మీద మొత్తం వాట్లు రాసి ఉంచండి. ఉత్సవం మధ్యలో ఎవరైనా ఏడో హారన్ తెస్తే, ఆ కాగితం మీది అంకెకు దాని ట్యాపు కలిపి 80 దాటుతోందో లేదో చూసి, దాటితే ఒకటి రెండు హారన్లను 5 వాట్ల ట్యాపుకు దించాకే కొత్తదాన్ని కలపండి.